ఎండే దాకా ఉంచిన చిక్కుడు పాదు

అనకాపల్లిలో మా వీధి చర్చి వెనక ఒక ఖాళీ జాగా ఉండేది. చుట్టూ ప్రహరీ, లోపల తుమ్మ మొక్కలూ పగిలిన పెంకులూ. చర్చి పెద్దలు దాన్ని బాగు చేయించి, వీధిలో ఎవరికి ఓపికుంటే వాళ్ళు కూరగాయలు వేసుకోండి అన్నారు. క్రైస్తవులే వేసుకోవాలని లేదు. బోరు నీళ్ళు చర్చివే. ఒక్కటే మాట పెట్టారు: కోత పండుగకి ఎవరి మడిలో కాసింది వాళ్ళు తెచ్చి దేవుని ముందు పెట్టాలి.

కోత పండుగ అంటే తెలియని వాళ్ళకి చెబుతాను. పంట ఇచ్చిన దేవుడికి కృతజ్ఞత చెప్పే ఆదివారం అది. మా సంఘంలో కొత్త సంవత్సరం వెళ్ళాక చేస్తారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, చెరుకు గడలు, కోడిపుంజులు, ఇంట్లో వండిన అరిసెలు, ఏది ఉంటే అది పట్టుకొస్తారు. ప్రార్థన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళ సంఘాల వాళ్ళు కూడా వస్తారు. వచ్చిన వాళ్ళని పాస్టరమ్మగారు చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళి మా తోట చూపించేవారు. ఆవిడకి అదొక ముచ్చట.

మళ్ళు చాలానే ఉండేవి గానీ నేను చెప్పే సంగతిలో ఉన్నవి నాలుగు. ఒకటి నాది, అందులో తోటకూర, పాలకూర. రెండోది అమ్మగారిది, పాస్టరమ్మగారిని మేమందరం అలాగే పిలిచేవాళ్ళం. ఆవిడ బొబ్బర్లు వేసేవారు. మూడోది రిటైరైన మేస్టారిది. నల్ల వంగ, టమాటా, తాడు పట్టి గీసినట్టు వరసలు. నాలుగోది మా ఇంటి పక్కన అద్దెకి దిగిన ఆవిడది. నేను ఆవిడని వదినా అనేదాన్ని, ఆవిడ నన్ను వదినా అనేది. చుట్టరికం ఏమీ లేదు, గోడ ఒకటే.

పురుగు దగ్గర ఎవరి బుద్ధి వాళ్ళది. మేస్టారికి మొక్క మీద కదిలేదేదైనా దొంగే. రోడ్డు మీది మందుల షాపుకి వెళ్ళి సీసా తెచ్చి, మూత కొలతతో కలిపి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని కొట్టేవారు. అమ్మగారు పురుగుని చంపడానికి చెయ్యి రాక, ఆకుతో సహా తుంపి గోడ అవతల విసిరేవారు. అవతల మురిక్కాలువ, ఆ పురుగు ఏమయ్యేదో ఆ దేవుడికే తెలియాలి. నేనైతే కూర కోసేటప్పుడు చిల్లులున్న ఆకే ముందు కోసేదాన్ని. పురుగు తిన్న ఆకులో మందు లేదని ధైర్యం. మా అత్త నేర్పిన మాట అది. మేస్టారు మందు కొట్టిన రోజు గాలి ఎటు వీస్తోందో చూసి, నా మడి వైపు వీస్తే ఆ వారం మా ఇంట్లో పప్పే.

ఇక మా వదిన. ఆవిడ వాళ్ళు అచ్యుతాపురం దగ్గర ఊరి వాళ్ళు. చెరుకూ వరీ పండించే ఇల్లు. కంపెనీలు వస్తాయని ఊరు ఊరంతా తీసుకున్నారు. ఊళ్ళో వాళ్ళకి వేరే చోట కాలనీ ఇచ్చారు. వీళ్ళు మాత్రం పిల్లల చదువని అనకాపల్లి వచ్చేశారు. తమ చెరుకు తోట ఉన్న నేల మీద లేచిన కంపెనీలోనే అన్నయ్య వాచ్‌మెన్‌గా కుదిరాడు. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కి వెళ్ళేవాడు. అన్నయ్య అంటే వదిన భర్త, నాకు వరస అలాగే కుదిరింది.

ఆ ఊళ్ళో ఒక చిక్కుడు ఉండేదట. కాయ వెడల్పుగా, అరచేయంత. గింజ నల్లగా, బొద్దుగా. కూరలో వేస్తే వెన్నలా ఉండేదని వదిన చెప్పేది. ఊరు ఖాళీ చేసే హడావిడిలో గింజలు దాచుకోవాలని మిగతా ఎవరికీ తోచలేదు. కాలనీలో కుదుటపడ్డాక గుర్తొచ్చి, అన్నయ్య బస్సులో కనబడితే చాలు, 'మీ ఇంట్లో ఆ సిక్కుడు గింజలేమైనా ఉన్నాయేటి' అని అడిగేవారట. వదిన మాత్రం చిన్న ముంతలో కొన్ని తెచ్చుకుంది. మూత తీసి చూస్తే చాలావాటికి చిల్లులు పడి, పిండి రాలుతోంది. బాగున్నవన్నీ తొలకరి వెళ్ళాక తోటలో పెట్టేసింది. ముంతలో ఇంకేమీ మిగలలేదు.

"ఒక్కటైనా దాసుకోవాల్సింది వదినా" అన్నాను.

"దాసుకుంటే మటుకు పురుగు ఊరుకుంటాదేటి? బూవిలో ఉంటేనే కాపలా. ఊరెలాగూ ఎల్లిపోనాది వదినా. కూరైనా ఉండాలి కదా" అంది.

అందుకని ఆ పాదు కాయలు కూరకి కాదు. మొదటి కోత మాత్రం మా నాలుగిళ్ళకీ తలో గుప్పెడు ఇచ్చింది. తరవాత పందిరి మీద బలిసిన కాయలకి పాత చీర పోగులు కట్టి, "ఇయ్యి ముట్టకండర్రా. ఎండిపోయి గలగలమనే దాకా ఉండాలి" అని అందరికీ చెప్పింది. చిక్కుడు కాయ తీగ మీదే ఎండాలంటే మాఘమాసం దాటాలి. కోత పండుగ దానికి బాగా ముందే వస్తుంది.

ధనుర్మాసంలో మంచు పట్టుకుంది. మంచుతో పాటు పేను. చిక్కుడుకి పట్టే పేను మీరు చూసే ఉంటారు. లేత తీగ చివర నువ్వులు అద్దినట్టు నల్లగా, దగ్గర దగ్గరగా. ముట్టుకుంటే వేలికి బంక. నాలుగు రోజుల్లో పందిరి చివర్లన్నీ నల్లబడ్డాయి.

వదిన పొద్దున్నే బూడిద చల్లేది. మంచు తడికి బూడిద అంటుకుని పేను రాలుతుంది, నిజమే. కానీ పట్నంలో బూడిదేది? అందరిళ్ళలో గ్యాసు పొయ్యిలే. టీ బడ్డీ దగ్గర బతిమాలి తెచ్చుకుంటే రెండు పూటలకి సరిపోయేది. అప్పుడు అమ్మగారు ఎక్కడో విన్న కషాయం చెప్పారు. వేపాకు, వెల్లుల్లి నూరి, ఆవు పంచితంలో నానబెట్టి, ఆకుకి అంటుకోవడానికి కొంచెం బెల్లం వేయాలట.

మా ఆయన బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేవాడు. నీరు కారిన దిమ్మ ముక్కలు ఇంట్లో ఎప్పుడూ ఉండేవి. నేను బేసిన్‌తో పట్టుకెళ్ళాను.

"కొంచెమంటే ఎంతమ్మగారూ?" అంది వదిన.

"కొంచెమంటే కొంచెమేనమ్మా. చెప్పినాయన చేత్తో చూపించలేదు."

"మరి బెల్లం ఊళ్ళో ఉండి బెల్లం కాడ పిసినారితనమేటి? నలుగురికీ రుసి తగలొద్దా?" అని వదిన బేసిన్‌లో ముక్కలన్నీ బక్కెట్లోకి కుమ్మరించింది. ముగ్గురం నవ్వుకున్నాం. వేపాకు చేదు అంతకంత ఉంది కదా, సరిపోతుందిలే అనుకున్నాం. ఇంకో ఊరి వాళ్ళయితే చెంచాడు వేసి ఊరుకునేవారేమో. మా ఊళ్ళో పాయసానికి వేసే లెక్క మాది.

మర్నాడు వెళ్ళి చూస్తే పేను ఎక్కడిదక్కడే ఉంది. పైగా చర్చి పునాదిలోంచి, గోడ నెర్రెల్లోంచి, ఊళ్ళో ఉన్న చీమలన్నీ మా పందిరికే వచ్చాయి. గుంజల మీద ఎక్కేవి ఎక్కుతున్నాయి, దిగేవి దిగుతున్నాయి. బెల్లం అయిపోయినా అవి పోలేదు. చీమకి పేను అంటే పాడి ఆవు లాంటిది. అది విడిచే తీపి నీరు తాగుతూ, దాని దగ్గరికి ఇంకో పురుగుని రానివ్వదు. మేము పేనుకి కాపలా పెట్టినట్టయింది.

"ఓలమ్మో, పెళ్ళి బోజనానికి పిలిసినట్టు పిలిసేం కదే" అని వదిన నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

నవ్వుతూనే అంది గానీ ఆ రోజు నుంచి ఆవిడకి నవ్వు తగ్గింది. ఎందుకంటే పేను పందిరి దగ్గర ఆగలేదు. తీగ అల్లుకుంటూ అమ్మగారి మడి మీదికి వాలింది. అక్కడ బొబ్బర్ల చివర్లు కూడా నల్లబడ్డాయి. అదే వారం మేస్టారి వంగ ఆకులు జల్లెడలా అయ్యాయి. ఆయన ఒక ఆకు తిప్పి చూపించారు. దాని కింద ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలున్న గుండ్రటి పురుగు. అక్షింతల పురుగు అంటారు కదా, అది.

"ఇది ఎక్కడ పుడతందో తెల్సా? ఇదిగో, ఇక్కడ" అని మేస్టారు చిక్కుడు తీగ వంచారు. పేను మధ్యలో అలాంటి చుక్కల పురుగులే రెండు మూడు తిరుగుతున్నాయి. "సూసేరా? మీ పందిట్లో పెరిగి నా మడిలో తింటన్నాయి. ఇది పాదు కాదమ్మా, పురుగులకి పుట్టిల్లు."

"మేస్టారూ, మీరు మందు కొట్టుకోండి. నానడ్డం లేదు" అంది వదిన. మందంటే ఆవిడకి కోపమేమీ లేదు. ఊళ్ళో చెరుక్కీ వరికీ కొట్టించిన మనిషే.

అప్పుడు అడ్డం పడింది నేను. పందిరి అంచు నా మడి మీదికి వచ్చింది, దాని కిందే నా తోటకూర. పైన కొట్టిన మందు చుక్క చుక్కా నా ఆకుల మీదే పడుతుంది. మా కోడలు బాలింత, రోజూ ఆ ఆకుకూరే పెడుతున్నాం. "పందిరి మీద కొట్టడానికి నేనొప్పుకోను మేస్టారూ" అన్నాను. వదిన నా వైపు చూసింది.

మందు కొడితే నాకు కుదరదు, కొట్టకపోతే మేస్టారికీ అమ్మగారికీ కుదరదు. ఇక మిగిలింది పాదు తీసెయ్యడం. చర్చి పెద్దలు వచ్చి చూసి ఆ మాటే అన్నారు. పండుగకి పొరుగు సంఘాల వాళ్ళు వస్తారు, ఈ నల్లటి పందిరి చూపిస్తామా, అందరి మొక్కలూ పాడవుతున్నాయి, అన్నారు. తప్పు మాటేమీ కాదు. కోత ఆదివారం లోపల తీసెయ్యమ్మా అని మెల్లగానే చెప్పారు.

వదిన కాయ ఒకటి ఒలిచి చూసింది. ఇంకా పచ్చిగా ఉంది. గింజ బలిసింది గానీ లేత గోధుమ రంగులోనే ఉంది, నలుపు తిరగలేదు. ఇప్పుడు కోస్తే కూరకి పనికొస్తుంది, విత్తుకి పనికిరాదు.

"ఇంకొక్క నెల. అంతే" అంది, ఎవరితోనో తెలియకుండా.

ఆ సాయంత్రం మేస్టారు రెండు ఖాళీ గాజు సీసాలు పట్టుకుని తోటలోకి రావడం చూశాను. ఆయనలో ఒక గుణం ఉంది, అనుమానం వస్తే నిద్ర పట్టదు. పొద్దున్న నలుగురి ముందూ అన్నారు గానీ, తిప్పి తిప్పి చూస్తే రెండు పురుగులూ ఒకటేనా అని ఆయనకే సందేహం వచ్చిందట. వంగ మీది పురుగుని ఒక సీసాలో వేసి పేను పట్టిన చిక్కుడు చివర పెట్టారు. చిక్కుడు మీది పురుగుని రెండో సీసాలో వేసి వంగాకు పెట్టారు. మూతులకి గుడ్డ కట్టి చర్చి అరుగు మీద నీడన పెట్టారు.

"ఏటి మేస్టారూ, ఊరగాయా?" అన్నాను.

"పరీక్షమ్మా. ఇన్నేళ్ళు పిల్లలికి పెట్టేను, ఈళ్ళకీ పెడతన్నాను."

మర్నాడు మధ్యాహ్నం మా ముగ్గురినీ పిలిచి చూపించారు. వంగాకు మీద పంటి గాటు కూడా లేదు, చిక్కుడు పురుగు సీసా మూతి దగ్గర తిరుగుతోంది. మేస్టారు దాని సీసాలోకి పేను ఉన్న చివర ఒకటి జారవిడిచారు. మేము చూస్తుండగానే అది నల్ల పేనుని ఒకదాని తరవాత ఒకటి నమలడం మొదలుపెట్టింది. వంగ పురుగు మాత్రం చిక్కుడు చివరనీ ముట్టలేదు, పేనునీ ముట్టలేదు, మూల ముడుచుకుని ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసింది. వంగ పురుగు వీపు మసకగా, నూగు పట్టినట్టుంది, చుక్కలు ఎక్కువ. చిక్కుడు పురుగు వీపు నూనె రాసినట్టు మెరుస్తోంది.

"నానొకటనుకున్నాను, ఇదొకటి" అన్నారు మేస్టారు. "నా వంగని తినేది మీ పందిట్లోంచి రాలేదమ్మా. ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నాను. పెద్దలికీ నానే సెప్తాను."

వదిన సీసా ఎత్తి వెలుగులో చూసింది. "మరి ఇన్నాళ్ళూ ఇది తింటంటే పేనెందుకు తగ్గలేదు మేస్టారూ?"

ఆయన ఆలోచించి, "సీమలుండనిస్తేనా" అన్నారు.

అయినా సగం గొడవే తీరింది. వంగ సంగతి వేరు గానీ బొబ్బర్లకి పేను పాకింది పందిరి నుంచే, అది ఎవరూ కాదనలేరు. అందరం అమ్మగారి వైపు చూశాం. ఆవిడ పండుగకి పెట్టాలని ఆ బొబ్బర్లు వేశారు. వంగి చివర్లు చూశారు. చేతికి అంటిన బంక కొంగుకి తుడుచుకున్నారు.

"బొబ్బర్లు నేను పీకేస్తాను. వచ్చే యేడు వేసుకోవచ్చు. విత్తనాలు ఏ షాపుకెళ్ళినా దొరుకుతాయి" అన్నారు. "ఆ చిక్కుడు ఏ షాపులో ఉందమ్మా?"

వదిన వద్దనబోయింది. అమ్మగారు అప్పటికే మొదటి మొక్క పీకేశారు.

అప్పుడు వదిన ఇంటికెళ్ళి కొడవలి తెచ్చింది. చీర పోగులు కట్టిన కాయలున్న కొమ్మలు వదిలి, మిగతా పందిరంతా తనే కోసేసింది. పూత మీద ఉన్న తీగలు, పిందెలున్న తీగలు, పక్క మళ్ళ మీదికి వాలినవి అన్నీ. ఇంకా నెల పాటు నాలుగిళ్ళకీ కూరకి వచ్చే కాపు అది. కోసేటప్పుడు ఒక్క పిందె కూడా ఏరుకోలేదు. మేము తీగలు మోసి వీధి చివర తగలబెట్టాం. ఆ బూడిద మళ్ళీ పందిరికే తెచ్చాం. మేస్టారు వెళ్ళి చెబితే, ఆ కాస్త పందిరీ ఉంచుకోమని పెద్దలు ఒప్పుకున్నారు.

మిగిలిన నాలుగు గుంజలకీ గుడ్డ పీలికలు ఆముదంలో ముంచి చుట్టాం, చీమలు ఎక్కకుండా. కుంకుడుకాయలు నానబెట్టి, నురుగు తీసి, పొద్దున్నే చేత్తో ఒక్కో చివరా కడిగేవాళ్ళం. పసిపిల్లకి తల రుద్దినట్టు. ఆ నీళ్ళు నా తోటకూర మీద పడినా నాకు బాధ లేదు. చీమలు ఆముదం దగ్గరికొచ్చి మీసాలాడించి వెనక్కి తిరిగేవి. మెల్లగా నూనె వీపు పురుగులు పెరిగాయి. ముళ్ళముళ్ళగా ఉండే వాటి పిల్లలు కూడా కనబడ్డాయి. అవి చూడ్డానికి మరీ భయంగా ఉండేవి. నేనైతే రెండు మూడు నలిపేశాను కూడా, మేస్టారు కేకేసే దాకా. పేను పూర్తిగా పోయిందని చెప్పను. పోలేదు. కాయ మీదికి రాకుండా ఆగింది, అంతే.

కోత ఆదివారం వచ్చింది. పొరుగు సంఘాల ఆడవాళ్ళు తోట చూడ్డానికి వచ్చి, పచ్చటి మళ్ళ మధ్య బూడిద పూసుకుని, నూనె పీలికలు కట్టుకుని నిలబడ్డ మోడు పందిరి చూసి ఆగారు.

"ఇదేటండీ అమ్మగారూ, దిష్టికా?" అని ఒకావిడ అడిగింది.

"కాదమ్మా. విత్తనానికి" అన్నారు అమ్మగారు. ఆవిడ మడి ఖాళీగా ఉంది. ఆ పండుగకి ఆవిడ ఏం పెట్టారో నాకు గుర్తుంది: ఇంట్లో కోళ్ళు పెట్టిన గుడ్లు.

మాఘమాసం వెళ్ళే సరికి కాయలు ఎండి గాలికి గలగలమన్నాయి. అరుగు మీద చాట పెట్టుకుని వలిచాం. కొన్ని కాయల్లో గింజని పురుగు లోపలే తినేసింది, పొట్టే మిగిలింది. మిగతావి నల్లగా, నిగనిగలాడుతూ పడుతుంటే వదిన ఒక్కోదాన్నీ గోటితో మీటి చూసేది. అన్నీ ఒక్క చోట పెట్టడానికి ఆవిడ ఒప్పుకోలేదు. పాత ముంత సంగతి మరిచిపోలేదు. నలుగురికీ పంచి, ఎవరికి తోచినట్టు వాళ్ళు దాచండి అంది. నేను బూడిదలో కలిపి డబ్బాలో పోశాను. వదిన ఆముదం పట్టించి ఎండిన వేపాకులో పెట్టింది. అమ్మగారు ఇసకలో కలిపి కుండకి మూతి కట్టారు. మేస్టారు ఫ్రిజ్‌లో పెట్టారు. పెరుగు గిన్నె పక్కన ఇదేటని వాళ్ళావిడ వేసవంతా సాధించిందట.

తొలకరి వెళ్ళాక మళ్ళీ అరుగు మీద కూర్చున్నాం. అమ్మగారి కుండలో సగం పుచ్చిపోయాయి. నా డబ్బాలో కొన్ని. వదినవీ మేస్టారివీ నిలిచాయి. ఆ సంవత్సరం తోటకి చాలినన్ని ఉంచి, మిగతావన్నీ పొట్లం కట్టి వదిన అన్నయ్య చేతికిచ్చింది, కాలనీలో ఇమ్మని. పొద్దున్న బస్సుకి వెళ్తూ ఆయన ఆ పొట్లం అన్నం క్యారేజీ సంచిలో కాకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తరవాత ఆ సంగతి ఎవరమూ ఎత్తలేదు. కాలనీది ఇసక నేల, నీళ్ళు తక్కువ అని విన్నాం. వేశారో, వండుకున్నారో. వదిన అడిగేది కాదు.

మళ్ళీ మంచు పడే రోజుల్లో, ఒక సాయంత్రం బస్సు దిగి అన్నయ్య నేరుగా తోటలోకే వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులోంచి ఒక చిక్కుడు తీగ చివర తీశాడు. నిండా నల్ల పేను.

"కాలనీలో ఇంటింటికీ పాకేసింది. పందిళ్ళేసేరు. 'దీనికేటి సెయ్యాలో మీ ఆవిడ్నడిగి రా' అన్నారు" అన్నాడు.

"ఏటన్నయ్యా, కోరి కోరి పేనుని మా తోటలోకి మోసుకొచ్చేవా?" అని నేను కేకేశాను.

వదిన ఆ తీగ అందుకుంది. కళ్ళు తుడుచుకుందో, నవ్వు ఆపుకుందో, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తరవాత తీగని సంచిలో పెట్టి, గట్టిగా ముడేసింది.

"రేపాదివారం కదా. కుంకుడుకాయలు నానబెట్టు వదినా, నానూ కాలనీకెల్తాను" అంది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "బెల్లం మటుకు తేకు" అంది.